రెఫరీని కొడితే ఏ సెక్షన్? సంక్రాంతి కబడ్డీ నుంచి కోర్టు దాకా నా అనుభవం

మా నల్లగొండ జిల్లాలో సంక్రాంతి వచ్చిందంటే ఊరూరా టోర్నమెంట్లే. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్, ఏదో ఒకటి ఉండాల్సిందే. హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చిన పిల్లలు ఇంట్లో కంటే గ్రౌండ్‌లోనే ఎక్కువ కనిపిస్తారు. నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని, అంటే వ్యాయామ టీచర్ని. కబడ్డీ రెఫరీ పరీక్ష పాసై చాలా ఏళ్లయింది. మునుగోడు, నకిరేకల్, హాలియా, దేవరకొండ వైపు ఎవరు టోర్నమెంట్ పెట్టి పిలిచినా మా పీఈటీలం నలుగురైదుగురం కలిసి వెళ్లి ఆడించి వస్తుంటాం. 2025 సంక్రాంతికి అలా వెళ్లిన ఒక ఊళ్లో, సెమీఫైనల్ ఆఖర్లో నన్ను కొట్టారు. ముందరి పన్ను ఒకటి విరిగింది. ఆ తర్వాత ఆస్పత్రి, పోలీస్ స్టేషన్, కోర్టు చుట్టూ తిరిగితే తెలిసొచ్చిన సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను. నాలాంటి రెఫరీలు, అంపైర్లు ఎంతోమంది దెబ్బ తిని, బయటికి చెప్పుకోలేక ఇంటికొచ్చి పడుకుంటున్నారు. కేసు పెట్టే హక్కు ఉందని, ఎలా పెట్టాలో వాళ్లకు తెలియాలి.

గొడవంతా లాబీ దగ్గర వచ్చింది. కబడ్డీ ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్ల కోసం చెప్తాను. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అందులో రెండు పక్కలా మీటరు వెడల్పున ఉండే పట్టీని లాబీ అంటాం. రైడర్ ఎవరినైనా తాకాక, లేదా అతన్ని ఎవరైనా పట్టుకున్నాక లాబీ కూడా కోర్టులో భాగమే. అంతకుముందే అందులో కాలు పెడితే మాత్రం అవుట్. ఆ రైడ్‌లో కుర్రాడు ఎవరినీ తాకలేదు, కార్నర్ నుంచి తప్పించుకునే ప్రయత్నంలో ఎడమ లాబీలో కాలు పెట్టాడు. ఆ వైపున్న అంపైర్ వెంటనే చెయ్యెత్తాడు. నేను దగ్గరికెళ్లి చూశాను. మట్టి కోర్టు కాబట్టి సున్నం గీతకు అవతల మడమ అచ్చు దిగి ఉంది. కుర్రాడి మడమకు సున్నం అంటుకుని ఉంది. ఇంక అనుమానం ఏముంది? అవుట్ ఇచ్చాను. ఒక్క పాయింట్ తేడా, నిమిషం కూడా లేదు టైమ్. రైడర్ ఒక్క మాట కూడా అనకుండా వెళ్లి బయట కూర్చున్నాడు. ఈ సంగతి తర్వాత మెజిస్ట్రేట్ ముందు కూడా చెప్పాను. ఆడినవాడు ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిది ఆ టీమ్‌కు జెర్సీలు కొనిచ్చిన పెద్దమనిషి. తాడు దాటుకుని లోపలికొచ్చాడు. ఆయన వెనకే ఇద్దరు కుర్రాళ్లు. "ఏం జూసి ఇచ్చినవ్ రా అవుటు?" అంటూ మీదికొచ్చాడు. మ్యాచ్ ఆపడానికి నేను విజిల్ నోట్లో పెట్టుకున్నాను. పక్కకు జరుగుదామంటే ఆ ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని కదలనివ్వలేదు. పిడికిలి వచ్చి విజిల్ మీద పడింది. విజిల్ అంచు పై పన్నుకు కొట్టుకుంది. పెదవి లోపల చీలిపోయి నోరంతా రక్తం. కమిటీవాళ్లు వచ్చి విడిపించేలోపు "నువ్వు మండలం దాటి ఎట్ల పోతవో చూస్త" అన్నాడు. మైక్ ఆన్‌లోనే ఉంది కాబట్టి ఆ మాట గ్రౌండ్ అంతా వినిపించింది.

కమిటీవాళ్లు మంచివాళ్లే. ముఖం కడిగించారు, కుర్చీ వేశారు, టీ తెప్పించారు. కానీ వాళ్ల భయం వాళ్లది. ఇందులో కేసు అయితే వచ్చే ఏడాది టోర్నమెంట్‌కు పోలీసులు పర్మిషన్ ఇవ్వరు. "సారూ, పండుగపూట పోలీసులెందుకు, పొద్దుగాల మేమే ఇద్దర్ని కూసోబెట్టి మాట్లాడతం, ఆయనతోని తప్పయిందనిపిస్తం" అన్నారు. మా స్కోరర్, మరో స్కూల్లో పీఈటీ, నా పక్కన కూర్చుని "అన్నా, పొద్దున దాకా ఆగితే ఇది గొడవ కూడా కాదు, ముచ్చట అయిపోతది" అని, తన ఫోన్ నుంచే 100కు కొట్టాడు. గస్తీ తిరిగే బ్లూ కోల్ట్స్ కానిస్టేబుళ్లు బండి మీద వచ్చేసరికి కొట్టినాయన వెళ్లిపోయాడు. కానిస్టేబుల్ మొదట చెప్పిన మాట నాకు బాగా ఉపయోగపడింది. "స్టేషన్‌కు తర్వాత రావొచ్చు సార్, ముందు దవాఖానకు పోండి, ఎంఎల్‌సీ (దెబ్బల కేసుకు ఆస్పత్రి రాసే మెడికో లీగల్ రికార్డు) రాయించండి."

అదే అందరికీ చెప్తున్నాను. దెబ్బ తగిలిన రోజే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. ప్రైవేటు క్లినిక్‌లో కుట్లు వేయించుకుని, నాలుగు రోజుల తర్వాత కేసు పెడితే గాయం ఎక్కడ ఎలా తగిలిందని మొదలుపెడతారు. క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్ ఎవరు కొట్టారు, ఎప్పుడు, ఎక్కడ, దేనితో అని అడిగి రిజిస్టర్లో రాస్తారు. నేను పేరుతో సహా చెప్పాను. పెదవి లోపలి చీలిక పొడవు కొలిచి రాశారు. పన్ను వేలితో కదిపి చూసి, "ఇది నేను తేల్చను, డెంటల్ వాళ్లు చూడాలి" అని "ఒపీనియన్ రిజర్వ్‌డ్" అని పెట్టారు, అంటే గాయం ఎంత తీవ్రమో తర్వాత తేలుస్తామని. ఆ సమయంలో ఆ రెండు మాటల విలువ నాకు తెలియదు. తర్వాత కేసు మొత్తం వాటి మీదే తిరిగింది.

స్టేషన్‌కు మర్నాడు పొద్దున వెళ్లాం. దరఖాస్తు తెల్లకాగితం మీద నేనే రాశాను. ఏ రైడ్, ఏ నిర్ణయం, ఎవరు ఏమన్నారు, ఎవరు చేతులు పట్టుకున్నారు, ఎవరు కొట్టారు, ఏ మాటలతో బెదిరించారు, ఎవరెవరు చూశారు, అన్నీ వరసగా. స్టేషన్ రైటర్ (రాతపని చూసే కానిస్టేబుల్) చదివి, "సార్, ఇది 115(2) అయితది. పెట్టీ కేసు. మెజిస్ట్రేట్ పర్మిషన్ లేకుండా మేం దర్యాప్తు చేయలేం" అన్నాడు. నేను అప్పటికి చట్టం చదివినవాణ్ణి కాను, గతుక్కుమన్నాను. తర్వాత చదువుకుంటే ఆయన చెప్పింది నిజమే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 115(2) అంటే మామూలు గాయం. ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు తమంతట తాము కేసు కట్టే నేరాల్లో ఇది లేదు. కోర్టు అనుమతి తీసుకోవాలి.

ఎస్సై వచ్చాక నా దరఖాస్తు మళ్లీ చదివారు. "మీ చేతులు పట్టుకుని కదలనివ్వలేదని రాశారు కదా, అది 126(2)" అన్నారు. అక్రమంగా అడ్డుకోవడం. దానికి శిక్ష నెల రోజుల సాధారణ జైలు లేదా 5 వేల జరిమానా మాత్రమే, కానీ పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టగలిగే నేరం. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 174వ సెక్షన్ ప్రకారం ఒక ఘటనలో రెండు మూడు నేరాలుండి, అందులో ఒక్కటైనా అలా నేరుగా కేసు కట్టదగ్గదైతే మొత్తం కేసును అలాగే తీసుకోవాలి. అలా 115(2), 126(2), బెదిరింపుకు 351(2), ముగ్గురూ కలిసి చేశారు కాబట్టి 3(5) పెట్టి ఎఫ్‌ఐఆర్ చేశారు. ఒక మనిషి పన్ను విరగ్గొట్టినందుకు కాదు, పక్కకు జరగనివ్వనందుకు ఆ రోజు ఎఫ్‌ఐఆర్ అయింది. అందుకే దరఖాస్తు రాసేటప్పుడు ఏ చిన్న సంగతీ వదలొద్దు. ఏ వాక్యం ఏ సెక్షన్‌కు తలుపు తీస్తుందో మనకు తెలియదు.

ఎఫ్‌ఐఆర్ కాపీ డబ్బులేమీ తీసుకోకుండా ఇవ్వాలి. అదే సంహిత 173(2)లో ఉంది, అడిగి తీసుకోండి. ఏ స్టేషన్ పరిధి అన్న గొడవ కూడా లేదు, ఎక్కడైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, వాళ్లు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అవతలి స్టేషన్‌కు పంపాలి. తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు, అక్కడా కాకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. నాకు అంత అవసరం రాలేదు.

అదే రోజు ఎస్సై అడిగిన ఒక ప్రశ్న గురించి కొంచెం ఎక్కువగా రాయాలి. "సార్, మీరు గవర్నమెంట్ టీచర్ కదా, ఆ రోజు మీకు ఓడీ (ఆన్ డ్యూటీ) ఆర్డర్ ఏమన్నా ఉందా?" లేదన్నాను. సంక్రాంతి సెలవులు, ఊరి యూత్ పిలిస్తే వెళ్లాను. ఓడీ ఎక్కడిది? "ఉంటే వేరే సెక్షన్ అయ్యేది" అన్నారాయన.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ప్రతి ఏడూ స్కూల్ గేమ్స్ జరుగుతాయి. మండల స్థాయి, జిల్లా స్థాయి పోటీలకు మమ్మల్ని ఆర్డర్ మీద డ్యూటీ వేస్తారు. ఆ డ్యూటీలో ఉన్నప్పుడు నేను ప్రభుత్వోద్యోగిగా పనిచేస్తున్నట్టు లెక్క. అప్పుడు పని చేయకుండా అడ్డుకోవడానికి మీద చెయ్యి వేస్తే న్యాయ సంహిత 132, రెండేళ్ల దాకా జైలు. గాయం చేస్తే 121(1), ఐదేళ్ల దాకా. తీవ్రగాయమైతే 121(2), ఏడాదికి తక్కువ కాకుండా పదేళ్ల దాకా. అదే మనిషి, అదే విజిల్, అదే లాబీ రూల్, సంక్రాంతి టోర్నమెంట్లో అయితే ఈ సెక్షన్లు ఏవీ రావు. నేను వీధిలో ఎవరితోనో తగువు పడి దెబ్బ తిన్నవాడితో సమానం. ఇక ప్రైవేటు స్కూళ్లలో పనిచేసే పీఈటీలు, ఉద్యోగం లేకుండా రెఫరీ పరీక్ష పాసైన కుర్రాళ్లు, మా జిల్లాలో మ్యాచ్‌లు ఎక్కువ ఆడించేది వాళ్లే, వాళ్లకు ఈ రక్షణ దాదాపు ఎప్పుడూ దొరకదు.

డాక్టర్ల విషయంలో ఇలా లేదు. ఆస్పత్రుల్లో దాడులు పెరిగాయని ఉమ్మడి రాష్ట్రంలోనే 2008లో ప్రత్యేక చట్టం తెచ్చారు. ప్రైవేటు ఆస్పత్రి డాక్టర్‌కూ నర్సుకూ అది వర్తిస్తుంది, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. మనిషి ప్రభుత్వోద్యోగా కాదా అని చూడలేదు, చేస్తున్న పనిని చూశారు. రెఫరీకి కూడా అదే చూపు కావాలన్నది నా వాదన.

పన్ను నొప్పితో నిద్రపట్టని రాత్రుల్లో ఫోన్‌లో వేరే దేశాల సంగతులు చదివాను. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో రెఫరీలు, అంపైర్ల మీద దాడికి విడిగా చట్టాలున్నాయి. కాలిఫోర్నియా శిక్షాస్మృతిలో 243.8 అని సెక్షన్ ఉంది. అక్కడ మామూలుగా ఒకరిని కొడితే ఆరు నెలల దాకా జైలు. ఆట ఆడించే అధికారిని మ్యాచ్‌కు కాస్త ముందు గానీ, మ్యాచ్‌లో గానీ, అవగానే గానీ కొడితే ఏడాది దాకా జైలు, లేదా 2,000 డాలర్ల దాకా జరిమానా, లేదా రెండూ. స్కూల్ పోటీలా, కాలేజీ పోటీలా, ప్రొఫెషనల్ లీగా అని తేడా లేదు. ఒక పద్ధతిగా నిర్వహించే అమెచ్యూర్ పోటీ అయినా చాలు. మన సంక్రాంతి టోర్నమెంట్ లాంటిదానికి కూడా వర్తించేలా రాశారన్నమాట. అది చదివినప్పుడు నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. నేను అడుగుతున్నది వింత కోరికేం కాదు.

టర్కీలో 2023 డిసెంబర్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ అవగానే ఒక క్లబ్ అధ్యక్షుడే గ్రౌండ్‌లోకి వచ్చి రెఫరీ ముఖం మీద గుద్దాడు. దేశమంతా లీగ్ మ్యాచ్‌లు ఆపేశారు. ప్రభుత్వోద్యోగిని గాయపరిచినట్టు కేసు పెట్టారు, మరుసటి ఏడాది 3 ఏళ్ల 7 నెలల శిక్ష వేశారు. నెదర్లాండ్స్‌లో 2012 డిసెంబర్‌లో కుర్రాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌లో లైన్స్‌మన్‌గా నిలబడ్డ ఒక తండ్రిని కిందపడేసి కొడితే మర్నాడు చనిపోయాడు. అంత దూరం ఎందుకు, మన పక్కనే ఒడిశాలో కటక్ జిల్లాలో 2023 ఏప్రిల్‌లో ఊరి క్రికెట్ మ్యాచ్‌లో నోబాల్ గొడవకు 22 ఏళ్ల అంపైర్‌ను పొడిచి చంపారు. అతనిదీ ఊరి మ్యాచే. అక్కడ ఆర్డర్ ఇచ్చి డ్యూటీ వేసిందెవరు?

"ఫెడరేషన్లు బ్యాన్ చేస్తాయి కదా" అని మా సీనియర్లు అంటారు. చేస్తాయి. 2022లో కామన్వెల్త్ ట్రయల్స్‌లో ఓడిన మల్లయోధుడు రెఫరీ మీద చేయిచేసుకుంటే జీవితకాలం నిషేధించారు. 2025 ఫిబ్రవరిలో మహారాష్ట్ర కేసరి పోటీల్లో రెఫరీని తన్నిన మల్లయోధుడికి మూడేళ్ల నిషేధం వేశారు. కబడ్డీలో మా దగ్గరా గ్రీన్ కార్డు, ఎల్లో కార్డు, రెడ్ కార్డు ఉన్నాయి. కానీ ఇవన్నీ ఆడేవాళ్లకు, కోచ్‌లకు. తాడు దాటి వచ్చిన ప్రేక్షకుడికి ఏ కార్డు చూపిస్తాం? జెర్సీలు కొనిచ్చినాయన్ని ఏ సంఘం ఎక్కడి నుంచి తొలగిస్తుంది? ఊరి టోర్నమెంట్లలో కొట్టేది ఎక్కువగా వీళ్లే. వాళ్లకు చట్టం ఒక్కటే సమాధానం.

ఎఫ్‌ఐఆర్ అయిన దగ్గర్నుంచి ఇంటికి మనుషులు రావడం మొదలైంది. మాజీ సర్పంచ్ వచ్చాడు, కొట్టినాయన మేనమామ మా దూరపు చుట్టమని తెలిసి ఆయన్ను తోలుకొచ్చారు, మా సంఘం పెద్దాయన ఫోన్ చేశాడు. "ఆవేశంల కొట్టిండు, ఇడిసిపెట్టున్రి సార్. దవాఖాన ఖర్చులు మొత్తం ఇస్తడు." ఎవరూ కొట్టలేదని అనలేదు, తప్పు కాదనీ అనలేదు. కేసు మాత్రం వద్దు. మా ఆవిడ వాళ్లకు మంచినీళ్లిచ్చి, "రేపు మీ పిల్లల టీచర్‌ను ఎవరన్నా ఇట్లనే కొడితే కూడా ఖర్చులిచ్చి పంపుతారా అన్నా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు.

అటు నుంచి కౌంటర్ ఫిర్యాదు కూడా వచ్చింది. నేనే ముందు నెట్టానని, బూతు తిట్టానని. ఇలా వస్తుందని ముందే అనుకోండి. రాజీకి లాగడానికి ఇది మామూలుగా వాడే దారి. నన్ను కాపాడింది ఇంటర్ చదివే ఒక పిల్లవాడి ఫోన్. వాడు చివరి రైడ్ వీడియో తీశాడు. నేను రెండు చేతులూ కిందికి ఉంచి వెనక్కి జరగబోవడం, ఆ ఇద్దరూ పట్టుకోవడం, దెబ్బ, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పిల్లవాడి తల్లిదండ్రులు మొదట భయపడ్డారు. ఊళ్లో ఉండాల్సినవాళ్లు, భయపడకుండా ఎలా ఉంటారు? వాళ్ల నాయన పొలం దగ్గరికెళ్లి కూర్చుని మాట్లాడాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి "పోరడు అబద్ధం చెప్పకుంటె చాలు సార్, ఇయ్యనియ్యి" అన్నాడు.

వీడియో ఉంటే సరిపోదు, కోర్టు ఒప్పుకునేలా ఇవ్వాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యి వచ్చిన కాపీ పనికిరాదన్నారు. అసలు ఫైల్ ఉన్న ఫోన్ నుంచే తీయాలి. కొత్త సాక్ష్యాల చట్టం, సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో పార్ట్ ఏ ఫోన్ ఎవరి దగ్గరుందో వాళ్లు ఇవ్వాలి, పార్ట్ బి నిపుణుడు ఇవ్వాలి. ఫైల్‌కు హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే కోడ్) రాయాలి. కాబట్టి ఎవరైనా వీడియో తీస్తే దాన్ని డిలీట్ చేయొద్దని, ఎడిట్ చేసి స్టేటస్ పెట్టొద్దని మొదటే చెప్పండి.

మరో రెండు వస్తువులు నేను భద్రంగా ఉంచాను. ఒకటి ఆ విజిల్. అంచు దగ్గర సన్నగా పగులు, మీద పంటి గాటు. కడగలేదు, ఒక కవర్లో వేసి పెట్టాను. పోలీసులు పంచనామా చేసి స్వాధీనం చేసుకున్నారు. కొత్త చట్టం ప్రకారం స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయాలి, తీశారు. రెండోది స్కోర్ షీట్. మా స్కోరర్ చేతిరాతతో రైడ్ రైడ్‌కూ గీసిన పాయింట్లు, ఆఖరి రైడ్ దగ్గర అవుట్ గుర్తు, పక్కన ఆట ఆగిన టైమ్, అంపైర్ల సంతకాలు. మ్యాచ్ జరిగిందనడానికి, నేను రెఫరీగా ఉన్నాననడానికి, గొడవకు ముందే నిర్ణయం రాసి ఉందనడానికి అంతకంటే గట్టి కాగితం లేదు. ఊరి టోర్నమెంట్లలో స్కోర్ షీట్‌ను మ్యాచ్ అవగానే ముక్కలు చేసి పారేసే అలవాటు ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు.

ఇక పన్ను సంగతి. డెంటల్ డాక్టర్ ఎక్స్‌రే తీయించి, నాకు ఫిల్మ్ లైట్ ముందు పెట్టి చూపించారు. పన్ను వేరులో అడ్డంగా సన్నటి నల్లగీత. "వేరు విరిగింది. పక్క పళ్లు గట్టిగా ఉన్నాయి, చిగుళ్ల జబ్బు లేదు, పాత పుచ్చు లేదు. ఇది దెబ్బ వల్లే" అని రాసిచ్చారు. ఆ "పాత పుచ్చు లేదు" అన్న మాట రాయించుకోవడం చాలా ముఖ్యం. న్యాయ సంహిత 116లో తీవ్రగాయం అంటే ఏమిటో ఎనిమిది రకాలు చెప్పారు. కన్ను పోవడం, చెవి పోవడం, అవయవం పోవడం లాంటివాటితో పాటు ఎముక గానీ పన్ను గానీ విరగడం, ఊడటం అందులో ఉంది. ఏదీ విరగకపోయినా, పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, తన రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అది కూడా తీవ్రగాయమే. పాత ఐపీసీలో ఇది ఇరవై రోజులుండేది.

డెంటల్ రిపోర్టు వచ్చాక ఊండ్ సర్టిఫికెట్‌లో గాయం "గ్రీవియస్" (తీవ్రగాయం) అయింది. పోలీసులు కోర్టులో సెక్షన్ ఆల్టరేషన్ మెమో వేసి 115(2)కు బదులు 117(2) చేర్చారు. ఏడాది శిక్ష పడే నేరం ఏడేళ్ల దాకా పడే నేరమైంది. ఇక్కడ నాకు బాధనిపించే సంగతి ఒకటుంది. పన్ను విరగకుండా పెదవి మాత్రమే చీలి ఉంటే ఇది పెట్టీ కేసుగానే మిగిలేది. వందలమంది ముందు, నిర్ణయం నచ్చలేదని, నిర్ణయం చెప్పే మనిషిని చేతులు పట్టుకుని కొట్టడం అనే పనికి మన చట్టంలో విడిగా తూకం లేదు. గాయాన్ని కొలుస్తారు గానీ, ఎందుకు కొట్టాడో లెక్కలోకి రాదు.

"ఏడేళ్ల కేసు కదా, అరెస్ట్ చేయలేదేంటి?" అని మా వాళ్లందరూ అడిగారు. 117(2) బెయిలబుల్. పైగా ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో అవసరం లేకుండా అరెస్ట్ చేయకూడదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అందుకని సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పిలిపిస్తారు. స్టేషన్లలో, ఊళ్లలో ఇంకా 41ఏ నోటీసు అనే అంటారు. ఆ ముగ్గురికీ నోటీసులిచ్చి, వాంగ్మూలం తీసుకుని పంపారు. అరెస్ట్ కాలేదంటే కేసు లేదని కాదు, ఇది ఫిర్యాదు ఇచ్చినవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలని కూడా అదే సంహిత 193లో ఉంది. నేను అడిగాను, ఫోన్‌కు మెసేజ్ పెట్టారు. తర్వాత ఛార్జిషీట్ పడింది.

కోర్టు వాయిదాల గురించి పెద్దగా రాయను, అందరికీ తెలిసిందే. నా సాక్ష్యం రోజు మాత్రం చెప్పాలి. ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయర్) మేడమ్ ముందుగా నన్ను కూర్చోబెట్టి, "చూసింది చెప్పండి, ఊహించింది చెప్పకండి" అన్నారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో వాళ్ల లాయర్ మొదటి ప్రశ్న, "ఈ టోర్నమెంట్ ఆడించినందుకు మీకు డబ్బులిచ్చారు కదా?" ఇచ్చారని చెప్పాను, అందులో దాచేదేముంది. "విజిల్ గట్టిగా కొరికి పట్టుకోవడం వల్లే మీ పన్ను విరిగిందంటాను." కాదన్నాను. "లాబీలో కాలు పడలేదని, మీరు కావాలనే తప్పుడు నిర్ణయం ఇచ్చారని అంటాను." అప్పుడు మెజిస్ట్రేట్ ఆపి, నిర్ణయం సరైనదా కాదా అన్నది ఈ కేసులో అంశం కాదన్నారు. బోనులో నిలబడ్డ నాకు ఆ మాటతో గుండె నిండిపోయింది. రెఫరీ నిర్ణయం తప్పే అనుకుందాం. ప్రొటెస్ట్ రాసివ్వొచ్చు. చేయి లేపే హక్కు మాత్రం ఎవరికీ రాదు.

రాజీ గురించి కూడా దాచకుండా చెప్తాను. 115(2), 126(2) లాంటివాటిలో దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే చాలు. 117(2)లో కోర్టు అనుమతి కూడా కావాలి. నా చేతులు పట్టుకున్న ఇద్దరు కుర్రాళ్లూ డిగ్రీ చదువుతున్నారు, ఒకడు కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాడు. వాళ్లు పెద్దమనుషులను వెంటబెట్టుకుని రాలేదు, తల్లులను తీసుకుని వచ్చారు. "సార్, ఆయన పట్టుకోమంటె పట్టుకున్నం" అన్నాడు ఒకడు తల దించుకుని. వాళ్లిద్దరూ ఏదో ఒక స్కూల్లో నాలాంటి పీఈటీ దగ్గరే కబడ్డీ నేర్చుకుని ఉంటారు. లోక్ అదాలత్‌లో వాళ్ల వరకు రాజీ అయ్యాను. ఒక్క రూపాయి తీసుకోలేదు. కొట్టినాయన మీద కేసు మాత్రం నడుస్తోంది. ఆయన ఇంతవరకు నా దగ్గరికి రాలేదు, వేరేవాళ్లను పంపుతూనే ఉన్నాడు. శిక్ష పడితే జరిమానా నుంచి బాధితుడికి పరిహారం ఇప్పించే అధికారం సురక్షా సంహిత 395 కింద కోర్టుకుంది కాబట్టి రూట్ కెనాల్, క్యాప్ బిల్లులన్నీ ఏపీపీ మేడమ్‌కు ఇచ్చాను.

2026 సంక్రాంతికి మా పీఈటీలం ఒక మాట అనుకున్నాం. టోర్నమెంట్‌కు రమ్మంటే కమిటీ లెటర్‌హెడ్ మీద పేరుపేరునా నియామక పత్రం ఇవ్వాలి. కబడ్డీ కోర్టుకు తాడు దూరంగా కట్టాలి. పోలీస్ పర్మిషన్ కాపీ ముందే చూపించాలి. సెమీస్, ఫైనల్ రోజు బందోబస్తు కోసం స్టేషన్‌లో రాతపూర్వకంగా అడగాలి. కొన్ని ఊళ్లవాళ్లు విసుక్కుని వేరేవాళ్లతో ఆడించుకున్నారు. చాలా ఊళ్లు ఒప్పుకున్నాయి. ఇంకో అర్జీ కూడా రాసి మా ఎమ్మెల్యేకు ఇచ్చాం. గుర్తింపు పొందిన రెఫరీ, అంపైర్ ఎవరైనా సరే, ఎక్కడ ఆట ఆడిస్తున్నా సరే, ఆ సమయంలో అతని మీద దాడిని డాక్టర్ల చట్టం తరహాలో విడి నేరంగా చూడాలని అందులో అడిగాం. ప్రైవేటు పీఈటీలు, మ్యాచ్‌లు ఆడించే కుర్రాళ్లు కూడా అందరూ సంతకాలు పెట్టారు.

నా కేసులో తరువాయి డెంటల్ డాక్టర్ సాక్ష్యం ఉంది. ఆయన బదిలీ అయి వేరే జిల్లాకు వెళ్లారు. సమన్లు అక్కడికి పంపారు, రావడం కుదరకపోతే వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోమని ఏపీపీ మేడమ్ అడిగారు. ఆ ఎక్స్‌రే ఫిల్మ్, విజిల్ ఇప్పుడు కోర్టు ప్రాపర్టీలో ఉన్నాయి.